చూపించబోతే మారిపోయిన జవాబు

ముప్పై ఐదు సంవత్సరాల క్రితం, జూన్ మాసం మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు మన వంతెనల పరిశీలనా సంస్థలోని గణన విభాగంలో సహాయక గణకులుగా ఉద్యోగ ప్రవేశం చేసిన పెద్దలు, ఈ నెలాఖరున ఆ విభాగానికే అధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య ఒక మనిషి ఎంత పని చేయగలడో, అందులో ఎంత భాగాన్ని తన పొరపాటును తానే దిద్దుకోవడానికి వెచ్చించగలడో నలుగురికీ తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. పొగడ్తలంటే వారికి ఒళ్ళుమంట. ఆ సంగతి తెలిసీ పొగడబోతున్నాం గనుక ముందే క్షమాపణ వేడుకొని మొదలుపెట్టడం క్షేమం.

ఆ రోజుల్లో గణన విభాగమంటే రెండవ అంతస్తులో, మెట్ల పక్కన, ఒకే ఒక్క కిటికీ ఉన్న పొడవాటి గది. అద్దం గోడకు ఆవల చలిలో కంప్యూటరు, ఈవల ఉక్కలో తొమ్మిది బల్లలు. కొత్తగా చేరినవారికి తలుపు వెనక బల్ల ఇచ్చేవారు. ఎవరు లోపలికి వచ్చినా ఆ తలుపు కూర్చున్నవారి మోచేతికి తగిలేది. అంతకుముందు ఆ బల్ల దగ్గర కూర్చున్నవారందరూ మోచేయి రుద్దుకొని ఊరుకున్నారు. మనవారు మూడు నెలలు ఓర్చుకున్నారు. నాలుగవ నెల మొదటి రోజున ఇంటినుంచి స్క్రూడ్రైవరు తెచ్చి, ఎవరి అనుమతీ అడగకుండా, తలుపు ఊడదీసి బయటికి తెరుచుకునేలా బిగించారు. పరిపాలన విభాగం వారు సంజాయిషీ అడిగితే, తలుపు తీరు మార్చానని ఒక్క వాక్యంలో రాసిచ్చారు.

వారికి మేము పెట్టుకున్న పేరు 'మరోసారిగారు'. ఎవరు ఏ లెక్క పట్టుకెళ్ళినా అటూ ఇటూ తిప్పి చూసి, "బాగానే ఉంది. మరోసారి నడపండి" అనడం వారి అలవాటు. ఈ పేరు వెనకాల పుట్టినా తరువాత ముందుకే వచ్చేసింది, పై అధికారులు సైతం "మరోసారిగారు చూశారా?" అని అడిగి గాని సంతకం పెట్టని రోజులు వచ్చాయి. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే వారి సతీమణి ఒక సందర్భంలో మాతో, "మీకు ఆఫీసులోనే బాధ. నాకు ఇంట్లో కూడా. తాళం వేసి, లాగి చూసి, మూడంతస్తులు దిగాక మళ్ళీ ఎక్కి వెళ్ళి లాగుతారండీ ఈ మనిషి!" అని వాపోయారు.

చేరిన మూడవ సంవత్సరంలో రచించిన ప్రోగ్రామే వారికి కీర్తిని తెచ్చింది. ఈ సంచిక చదివే మన కుటుంబ సభ్యుల సౌకర్యార్థం మన పని ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. వంతెనను పరీక్షించాలంటే ఇసుక నింపిన లారీలను దాని నడుమ నిలబెడతాం. పది నిమిషాలపాటు, సెకనుకొకసారి, వంతెన ఎంత కిందికి దిగిందో పరికరం నమోదు చేస్తుంది. బరువు పడగానే కొంత దిగి ఆగిపోతే వంతెన ఆరోగ్యంగా ఉన్నట్లు. ఆగకుండా దిగుతూనే ఉంటే లోపల ఏదో సడలుతున్నట్లు. ఆ ఆరువందల కొలతలనూ కాగితం మీద చుక్కలుగా పెడితే తిన్నగా పడవు. గాలికి వణుకుతాయి, ఎండకు వణుకుతాయి, పక్క దారిలో బస్సు పోయినా వణుకుతాయి. అన్ని చుక్కలకూ సాధ్యమైనంత దగ్గరగా పోయే ఒక్క సరళరేఖను లెక్కగట్టి, దాని వాలు ఎంతో చెప్పడాన్నే రిగ్రెషన్ అంటారు. వాలు సున్నాకు దగ్గరైతే బస్సులు నడుస్తాయి, కాకపోతే ఆగుతాయి.

ఈ లెక్కకు రెండు దారులున్నాయి. కొలతలన్నిటినీ ఒకసారి చదివి సగటు కట్టి, మళ్ళీ మొదటినుంచి చదువుతూ ప్రతి కొలతలోంచి ఆ సగటును తీసివేసి లెక్కించడం ఒకటి. ఒక్కసారే చదువుతూ వర్గాల మొత్తాన్ని ఒకవైపు, మామూలు మొత్తాన్ని మరొకవైపు కూడబెట్టుకొని, చిట్టచివర మామూలు మొత్తాన్ని వర్గం చేసి, కొలతల సంఖ్యతో భాగించి, మొదటిదానిలోంచి తీసివేయడం రెండవది. కొలతలు టేపుల మీద ఉండే కాలమది. టేపును రెండుసార్లు తిప్పాలంటే అరగంట పట్టేది. యువకుడు, చురుకైనవాడు, ఎదురుచూడటమంటే గిట్టనివాడు. మనవారు రెండవ దారి పట్టారు. అరగంట పని పావుగంటకు దిగింది. సంస్థ వార్షికోత్సవంలో జ్ఞాపిక ఇచ్చారు, వార్తాపత్రంలో 'ఒక్క చుట్టులో వంతెన లెక్క' అని శీర్షిక పెట్టి ఫోటో వేశారు. ఆ ఫోటోలో వారికి తలనిండా జుట్టు ఉన్నదని, నమ్మనివారి కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాం.

ఎనిమిదవ సంవత్సరంలో సీనియర్ గణకులు, పదిహేనవ ఏట ఉపాధిపతి, ఇరవయ్యవ ఏట విభాగాధిపతి. ఈలోగా ఆ ప్రోగ్రాము పదకొండు ప్రాంతీయ కార్యాలయాలకు పాకింది. టేపులు పోయాయి, పరికరాలు మారాయి, బల్లల మీదికి చిన్న కంప్యూటర్లు వచ్చాయి. ప్రోగ్రాము మాత్రం అలాగే ఉంది. దానిని ముట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు, కలిగినా ధైర్యం చేసేవారు లేరు.

ఇక తొమ్మిదేళ్ళ క్రితపు మార్చి నెల సంగతి. క్షేత్ర విభాగంలో చేరి రెండేళ్ళు కావస్తున్న ఒక యువ ఇంజనీరు ఉండేది. ఎంత ఎత్తు నిచ్చెననైనా చకచకా ఎక్కేస్తుంది గనుక అందరూ నిచ్చెనమ్మ అనేవారు. ఆమె ఒక పాత వంతెనను పరీక్షించి, క్షేత్రంలో వాడే తన లాప్‌టాప్ మీదే లెక్క నడిపి, వంతెన ఆగకుండా దిగుతోందని, భారీ వాహనాలను వెంటనే నిలిపివేయాలని నివేదిక పంపింది. ప్రధాన కార్యాలయంలో అవే కొలతలతో అదే ప్రోగ్రామును నడిపితే వంతెన కదలడం లేదని జవాబు వచ్చింది. కొలతలు ఒక్కటే, ప్రోగ్రాము ఒక్కటే, జవాబులు రెండు. అంకెను ఆమే చేత్తో దిద్దిందన్న అనుమానం పుట్టడానికి ఒక పూట కూడా పట్టలేదు. పేరు కోసం చేసిందని కొందరన్నారు, ఏదో దాచడానికి చేసిందని మరికొందరన్నారు. ఆమె ఉద్యోగం ఖరారు కావడానికి ఇంకా పదకొండు పనిదినాలే మిగిలి ఉన్నాయి. దొంగలెక్క రాసిందన్న మాట ఫైలులో పడితే ఇక్కడే కాదు, మరెక్కడా ఆ పిల్లను గడప తొక్కనివ్వరు.

ముగ్గురు సభ్యుల విచారణ సంఘం అయిదవ అంతస్తులోని సమావేశ మందిరంలో కూర్చుంది. ప్రోగ్రాము కర్తగా మనవారిని కూడా పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టారు. "మా కళ్ళముందే నడిపి చూపించమ్మా" అన్నారు సంఘాధ్యక్షులు. పాపం, ఆ అమ్మాయి నిజాయితీగా చూపించాలనుకుంది. ప్రతి అడుగులోనూ మొత్తాలు తెరమీద కనబడేటట్లు ప్రోగ్రాములో ఒక్క వాక్యం చేర్చి, ఉన్న కంపైలరుతోనే మళ్ళీ సిద్ధం చేసి నడిపింది. మూడవ జవాబు వచ్చింది. దాని ప్రకారం, లారీలు ఎక్కినకొద్దీ వంతెన పైకి లేస్తోంది!

"ఏమిటమ్మా ఇది? బరువు పెడితే పైకి లేచే వంతెనను నేనెక్కడా చూడలేదే!"

"సార్, నేను... అడుగడుగూ మీకు కనబడాలని ఒక్క లైను కలిపానండీ, అంతే."

"అంటే ప్రోగ్రాము మార్చానని ఒప్పుకుంటున్నావన్నమాట."

వెనక వరుసలోంచి మనవారు, "ఆ లైను తీసేసి మరోసారి నడపమనండి" అన్నారు. తీసేయగానే మొదటి జవాబు మళ్ళీ వచ్చి కూర్చుంది. "చూశారా? ఎప్పుడు ఏ జవాబు కావాలంటే ఆ జవాబు తెప్పించుకుంటోంది" అని అధ్యక్షులు పెన్ను మూత పెట్టేశారు. అప్పుడు మనవారు లేచి నిలబడ్డారు. గడువు ముగిసేదాకా నిర్ణయం రాయవద్దని, ఈ మూడు జవాబులు ఎందుకొచ్చాయో ఆలోగా తాను తేల్చి చెబుతానని అడిగారు. తేల్చలేకపోతే ఏం చేస్తారని ఒక సభ్యులు అడిగితే, "ఆ ప్రశ్న పదకొండో రోజున అడగండి" అని బయటికి నడిచారు.

మెట్ల మలుపు దగ్గర నిచ్చెనమ్మ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. ఆయనకు ఓదార్చడం చేతకాదు, అది మాకందరికీ తెలిసినదే. కాసేపు పక్కన నిలబడి, "ఏడవడం అయ్యాక గణన విభాగానికి రామ్మా. నాకు నీ లాప్‌టాపూ కావాలి, నువ్వూ కావాలి" అన్నారు.

"సార్, మీరైనా నన్ను నమ్ముతున్నారా?"

"నమ్మకాలు తర్వాత చూద్దాం. దొంగలెక్క రాసేవాళ్ళు ఒక దొంగ జవాబు తయారుచేసుకుంటారు. పనిగట్టుకుని కమిటీ ముందు మూడోది కూడా తెచ్చుకుంటారుటమ్మా? అంత తెలివితక్కువ దొంగ నాకైతే తారసపడలేదు."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆయన తన గది తలుపు మీద 'పదకొండు పనిదినాలపాటు ఇతర పనులు చూడబడవు' అని కాగితం అంటించారు. సంతకాల కోసం వచ్చినవారందరూ ఆ కాగితం చదివి, గొణుక్కుంటూ వెనక్కి మళ్ళారు.

మొదటి మూడు రోజులు కొలతలకే సరిపోయాయి. లాప్‌టాపులో ఉన్న ఆరువందల కొలతలను, కార్యాలయంలో ఉన్న ఆరువందల కొలతలను ఆమె చదువుతుంటే ఆయన టిక్కు పెట్టారు; తరువాత ఆయన చదువుతుంటే ఆమె పెట్టింది. ఒక్క అంకె తేడా లేదు. నాలుగవ రోజున కంపైలర్ల మీద పడ్డారు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చిపెట్టేదే కంపైలరు. ఆ నెలలోనే ప్రధాన కార్యాలయంలో కొత్త కంపైలరు పెట్టి ప్రోగ్రాములన్నిటినీ దానితో మళ్ళీ సిద్ధం చేశాం. ఆమె లాప్‌టాపులో పాతదే ఉంది. పాతదాన్ని ఇక్కడ పెడితే ఆమె జవాబు వచ్చింది, కొత్తదాన్ని లాప్‌టాపులో పెడితే ఇక్కడి జవాబు వచ్చింది. హమ్మయ్య, దొంగ దొరికాడనుకొని విభాగమంతా ఊపిరి పీల్చుకుంది. కంపైలరు తయారుచేసినవారికి లేఖ వెళ్ళింది. ఆరవ రోజున ఎంతో మర్యాదగా సమాధానం వచ్చింది: తమ కంపైలరులో దోషమేమీ లేదు, భాషా నియమాల ప్రకారం రెండు జవాబులూ చెల్లుతాయి. చెల్లుతాయట! ఆ లేఖ చదివిన మాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వారి సతీమణి అడిగారు.

"ఏమండీ, ఆ పిల్ల సంగతి ఏమైంది?"

"రెండు జవాబులూ చెల్లుతాయంటున్నారు."

"రెండూ ఎలా చెల్లుతాయండీ? ఉన్నది ఒక్క వంతెనేగా! మా పిల్లలు ఇట్లా రాస్తే దారి చూస్తాను నేను, జవాబు చూడను. దారి తప్పయితే సరైన జవాబొచ్చినా కొట్టేస్తాను."

"సరైన జవాబొచ్చినా?"

"గుడ్డిగా వచ్చినదానికి మార్కులెందుకు? తినండి, చల్లారిపోతోంది."

ఏడవ రోజు ఉదయం ఆయన రెండు కంపైలర్లూ తయారుచేసిన యంత్రాదేశాలను అచ్చు తీయించారు. నూట నలభై ఆరు కాగితాలు. బల్ల చాలక మా విభాగం పక్కనున్న సమావేశ గదిలో నేలంతా పరిచారు, పాతవి ఎడమవైపు, కొత్తవి కుడివైపు. విభాగాధిపతి గారు బూట్లు విప్పి, మోకాళ్ళ మీద పాకుతూ, ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్క ఆదేశాన్నీ పోల్చుకుంటూ పోయారు; ఎదురుగా నిచ్చెనమ్మ, ఆమె చేతిలో నీలం పెన్సిలు. గది శుభ్రం చేసే ఆవిడ చీపురుతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"సారూ, లేవండి, ఊడ్చుకోవాలి."

"ఇంకో రెండు రోజులు ఆగు తల్లీ."

"రెండు రోజులు ఊడవకపోతే మా సూపర్‌వైజరు నన్ను ఊడ్చేస్తాడు!"

చివరికి ఆయనే సూపర్‌వైజరుకు చీటీ రాసిచ్చారు. ఆవిడ కిటికీ రెక్కలు మూసి, ఫ్యాను ఆపేసి, కాగితాలు ఎగరకుండా నాలుగు మూలలా సీసాలు పెట్టి వెళ్ళింది. ఆ సహాయానికి ఈ సంచిక ముఖంగా మరోసారి కృతజ్ఞతలు.

తొమ్మిదవ రోజు మధ్యాహ్నం దొరికింది. ప్రాసెసరు లెక్క చేసేటప్పుడు అంకెలను పట్టుకోవడానికి దాని లోపల రిజిస్టర్లని కొన్ని చోట్లుంటాయి. ఆ యంత్రంలో అవి ఎనిమిదే. అంకెలు అంతకన్నా ఎక్కువైతే కొన్నిటిని చేతిలో ఉంచుకొని, కొన్నిటిని బల్ల మీద దించినట్లుగా మెమరీలో దించాలి. దేన్ని ఉంచాలో దేన్ని దించాలో నిర్ణయించేది కంపైలరు. చిక్కంతా ఏమిటంటే, ఆ ప్రాసెసరు రిజిస్టరులో ఉన్నంతసేపు సంఖ్యలో పంతొమ్మిది అంకెల దాకా నిలుపుతుంది, మెమరీలోకి దించగానే పదహారు ఉంచి తోక కత్తిరిస్తుంది. పాత కంపైలరు మన మొత్తాలను చివరిదాకా రిజిస్టర్లలోనే ఉంచింది. కొత్తది మరింత వేగం కోసం ఇంకో చిన్న లెక్కను తెచ్చి అందులోనే కలిపింది; చోటు చాలక రెండు మొత్తాలను ప్రతి చుట్టులోనూ మెమరీలోకి దించింది. నిచ్చెనమ్మ చేర్చిన వాక్యమైతే, తెరమీద అచ్చు వేయడానికి వెళ్ళేముందు రిజిస్టర్లన్నిటినీ ఖాళీ చేయించింది. అన్ని తోకలూ తెగాయి, మూడవ జవాబు పుట్టింది. ఆమె దాపరికం లేకుండా చూపించబోవడమే జవాబును మార్చేసింది.

ఆయన ఎర్ర పెన్సిలుతో ఆ ఆదేశం చుట్టూ గీత గీసి, "ఇదిగో, ఇక్కడ దించాడు!" అని అరిచారు. పక్క గదిలోంచి మేమంతా పరుగెత్తుకొచ్చాం. అందరి ముఖాలూ వెలిగిపోయాయి, ఒక్క నిచ్చెనమ్మది తప్ప. ఆమె ఆ గీత దాటి ఇంకా కిందికి, చివరి తీసివేత దగ్గర చూస్తోంది.

"ఏమ్మా, అలా ఉన్నావేం?"

"ఏం లేదు సార్."

"ఏం లేకపోతే నీ ముఖం అలా ఎందుకుంటుంది? చెప్పు."

ఆమె చెప్పలేదు. తల వంచుకుంది. ఆయన ఆమె చూసిన చోటే చూశారు, చాలాసేపు చూశారు. పాత పరికరాలు పరీక్ష మొదలైన క్షణం నుంచి సెకన్లు లెక్కపెట్టేవి. తరువాత వచ్చినవి ఎన్నో దశాబ్దాల వెనకటి ఒక ఆరంభ క్షణం నుంచి లెక్కపెడుతున్నాయి. ప్రతి కొలత పక్కనా నూట ఇరవై కోట్లు దాటిన సంఖ్య. వాటి వర్గాల మొత్తం, మామూలు మొత్తం నుంచి కట్టిన వర్గం, రెండూ ఇరవై ఒక్క అంకెల సంఖ్యలవుతాయి, ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే ఎనిమిది అంకెలు మిగలాలి. లారీని దానిమీద వాలిన ఈగతో సహా తూచి, ఈగ లేచాక మళ్ళీ తూచి, ఆ తేడాను ఈగ బరువని చెప్పడం లాంటిదది. తోక తెగితే ఈగ బరువు ఎంతైనా రావచ్చు. ముందు సగటు తీసివేసి ఉంటే అంత పెద్ద సంఖ్యలే పుట్టేవి కావు, ఏ కంపైలరు దేన్ని ఎక్కడ దించినా ఈ వాలు చెక్కుచెదిరేది కాదు.

"ఈ లైను నేను రాసిందేగా" అన్నారాయన, నేలమీదినుంచి లేవకుండానే. "టేపు రెండోసారి తిప్పడానికి బద్ధకించాను. దానికే మనవాళ్ళు జ్ఞాపిక కూడా ఇచ్చారు."

ఆయనకు బాధ కలిగింది, సిగ్గు కూడా వేసింది. ఆ సంగతి ఆయనే తరువాత మాతో చెప్పారు. కానీ గడువుకు ఇంకా రెండు రోజులే ఉన్నాయి, కూర్చుని బాధపడే తీరిక లేదు. పదవ రోజున సంచాలకుల గదికి వెళ్ళి జరిగింది జరిగినట్లు చెప్పారు. సంచాలకులు మంచివారే, సంస్థ పరువు చూసుకోవలసినవారు. కుర్చీలో వెనక్కి వాలి ఇలా అన్నారు.

"కంపైలర్ల మధ్య తేడా ఉంది, కారణం పరిశీలనలో ఉంది అని రాయండి, చాలు. ఇరవై మూడేళ్ళుగా పదకొండు ఆఫీసుల్లో నడుస్తున్న ప్రోగ్రాము తప్పంటే ఏమవుతుందో ఆలోచించారా? మీ పేరేమవుతుంది?"

"పరిశీలనలో ఉంది అని రాస్తే ఆ అమ్మాయి సంగతేమిటండీ?"

"గడువు దాటిపోతుంది. చిన్నపిల్ల, ఇంకోచోట చూసుకుంటుంది."

"దొంగలెక్క అన్న మాట ఫైల్లో ఉండగా ఎవరు తీసుకుంటారు? ఆ మాట తీసేయాలంటే తప్పెవరిదో రాయాలి. రాస్తాను."

రాశారు. ఒకటిన్నర పేజీ. అందులోని చివరి వాక్యాలను, వారు వద్దంటున్నా, ఇక్కడ అచ్చు వేస్తున్నాం: 'దోషం కంపైలరుది కాదు, యంత్రానిది కాదు, క్షేత్ర ఇంజనీరుది అంతకన్నా కాదు. బలహీనమైన పద్ధతిని ఎంచుకున్నది నేను. పరికరాలు మారినప్పుడు దాన్ని తిరిగి చూడనిది కూడా నేనే. ఇన్నాళ్ళూ సరైన జవాబు వచ్చిన చోట అది రిజిస్టర్ల చలవే గాని నా ప్రతిభ కాదు.'

పదకొండవ రోజున విచారణ సంఘం ముందు ఆయన మాటలతో సరిపెట్టలేదు. సగటును ముందే తీసివేసే కొత్త ప్రోగ్రామును నిచ్చెనమ్మ చేతనే నడిపించారు. పాత కంపైలరుతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, అచ్చు వేసే వాక్యంతో ఒకసారి, లేకుండా ఒకసారి. నాలుగుసార్లూ ఒకే జవాబు, ఆమె నివేదికలో రాసిన జవాబు. వంతెన దిగుతోంది.

సంఘాధ్యక్షులు ఆ ఒకటిన్నర పేజీని రెండుసార్లు చదివి, "ఇది ఫైల్లో పెడితే మీమీద చర్య తీసుకోవాల్సి వస్తుందండీ" అన్నారు.

"తీసుకోండి. ముందు ఆమె మీదున్నది తీసేయండి."

సాయంత్రం నాలుగు గంటలకు నిచ్చెనమ్మ ఉద్యోగం ఖరారైన ఉత్తర్వు వెలువడింది. మరుసటి ఉదయం ఆ వంతెన మీద భారీ వాహనాలను ఆపారు. మూడవ స్తంభం మీద వంతెనను మోసే దిమ్మె జారి ఉన్నట్లు తనిఖీలో బయటపడింది. వారం తరువాత మనవారికి హెచ్చరిక లేఖ అందింది. దానిని తన వ్యక్తిగత ఫైలులో స్వయంగా పెట్టి, పేజీ సంఖ్య కూడా వేసుకున్నారు.

అక్కడితో ఆగితే ఆయన మరోసారిగారు ఎలా అవుతారు? ఆ ప్రోగ్రాముతో లెక్కగట్టిన నివేదికలన్నిటినీ, ఆరువందల పన్నెండింటిని, మళ్ళీ లెక్కించాలని తీర్మానించారు. రోజువారీ పని రోజువారీదే, ఇది అదనం. మాలో సణగనివారు లేరు. ఈ వ్యాసం రాస్తున్న చెయ్యి అందరికన్నా ఎక్కువ సణిగింది. నాలుగేళ్ళ రెండు నెలలు పట్టింది. ప్రాంతీయ కార్యాలయాల్లో ఎవరికి తోచిన కంపైలరు వారు వాడుతూ వచ్చారు గనుక తొమ్మిది నివేదికల్లో జవాబు తప్పింది, వాటిలో రెండు వంతెనలను వెంటనే తిరిగి పరీక్షించవలసి వచ్చింది. లేఖ రాస్తే సరిపోయేదానికి ఆయన ఆ తొమ్మిది చోట్లకూ స్వయంగా వెళ్ళి, నా ప్రోగ్రాము మీకు తప్పు చెప్పిందని ముఖాముఖి చెప్పి వచ్చారు. ఒకచోట ఒక పెద్ద ఇంజనీరు చిర్రెత్తిపోయి, "ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని నమ్మాం కదండీ మిమ్మల్ని!" అని నిలదీశారు. "అదేనండీ, కళ్ళెందుకు మూసుకున్నారు? ఇకమీదట మూసుకోకండి" అని ఈయన బదులిచ్చారు. ఇద్దరూ కలిసి టీ తాగి విడిపోయారట.

ఆ తరువాత నిచ్చెనమ్మను గణన విభాగానికి బదిలీ చేయించుకున్నారు. రాసినవారు కాక వేరొకరు తనిఖీ చేయనిదే ఏ ప్రోగ్రామూ బయటికి వెళ్ళకూడదన్న నియమం పెట్టి, మొట్టమొదట తన ప్రోగ్రామునే ఆమె ముందు పెట్టారు. ఆమె ఎన్నోసార్లు చదివింది, ఏ లోపమూ లేదని ప్రతిసారీ రాసిచ్చింది. ఆయన ప్రతిసారీ సందేహంగానే తల ఊపారు. లోపం లేకనా, తన మీది గౌరవంతోనా అన్నది ఆయన బెంగ. ఆ బెంగను ఆయన ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పుకోలేదు, వారి సతీమణి చెబితే మాకు తెలిసింది.

పోయిన నెల, వారి చివరి విభాగ సమావేశం. నలభై మంది ఉన్నాం. అజెండా అయిపోయి, వీడ్కోలు సభ ఏ రోజున పెట్టాలన్న చర్చ మొదలవుతుండగా నిచ్చెనమ్మ లేచి నిలబడింది. ఇప్పుడామె సీనియర్ గణకురాలు, కళ్ళజోడు కూడా వచ్చింది.

"సార్, మన ప్రోగ్రాములో వాలు లెక్కలో తప్పుంది. పరికరం మధ్యలో ఖాళీ కొలత పంపిస్తే దాన్ని మొత్తంలో కలపడం లేదు గానీ, సగటు కట్టేటప్పుడు కొలతల సంఖ్యలో కలుపుతున్నాం. సగటు తప్పిపోతుంది."

పదవీ విరమణకు నెల ముందు, నలుగురిలో, ఈ మాట ఇప్పుడే అనాలా అని మాలో కొందరికి కోపం కూడా వచ్చింది.

"ఎవరి తప్పది?" అని అడిగారాయన.

"మీదే సార్" అంది ఆమె, తల ఎత్తి, గొంతు తడబడకుండా. "రిపోర్టులో అలాగే రాశాను."

ఆయన ఆ రిపోర్టు తీసుకుని చివరిదాకా చదివారు. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. సమావేశం ముగిశాక వరండాలోకి వెళ్ళి ఇంటికి ఫోను చేశారు. తలుపు తెరిచే ఉంది గనుక మాకందరికీ వినబడింది. "ఏమోయ్, ఆ అమ్మాయి ఇవాళ అందరి ముందూ నా తప్పు పట్టింది. అవును, నా ముఖం మీదే చెప్పింది. ఇంక నేను నిశ్చింతగా ఇంటికి వచ్చేయొచ్చు."

అట్టి నిశ్చింతతోనే, సతీమణి తోడుగా, కుమార్తె, అల్లుడు, మనవరాలి నడుమ, కంటిచూపు తగ్గకుండా, మోకాళ్ళ నొప్పి పెరగకుండా, మన గౌరవనీయులైన విభాగాధిపతి గారు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్ళు చల్లగా జీవించాలని, వారు మాకు అప్పగించి వెళుతున్న ప్రతి లెక్కలోనూ వారి తప్పులను, మా తప్పులను భయం లేకుండా వెతుకుతూనే ఉంటామని మాట ఇస్తూ, గణన విభాగ సహోద్యోగులందరి పక్షాన హృదయపూర్వకంగా నమస్కరిస్తున్నాం.